మొదటి కుంచం

షావుకారమ్మ పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. అప్పటికి నేను తాళాలు పట్టుకుని కొట్టు ముందే నిలబడి ఉన్నాను. "అమ్మ పోనాది. కొట్టు తియ్యకు," అన్నాడు. రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో వచ్చాయి. దేనికి జవాబు చెప్పాలో తెలియక "అలాగే బాబూ" అన్నాను. కొట్టుకు వచ్చిందీ పోయిందీ రోజూ నా నోటు పుస్తకంలో రాసుకోవడం అలవాటు. ఆ రోజు పేజీలో తేదీ ఒక్కటే రాశాను.

రాజాం బజారులో పెసలో మినుములో అమ్ముకున్న రైతులకు ఆమె గురించి నేను చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం రాస్తున్నాను. భర్త పోయాక ముప్పై ఏళ్లు ఆ కొట్టు ఆమే నడిపింది. బస్తాలోంచి ఒక గింజ తీసి ఎడమ దవడన పెట్టి కొరికేది. టిక్కుమంటే ఎండిన సరుకు. చప్పుడు లేకపోతే పచ్చి, బస్తా వెనక్కి. చివరికి ఆ పక్కన రెండు పళ్లే మిగిలాయి. "ఈ రెండూ కొట్టుకి రాసిచ్చీసినాను, అందుకే ఊడలేదు," అనేది.

నేను జైలుకు వెళ్లివచ్చినవాణ్ణి. నీళ్ల తగాదాలో పక్క చేను రైతును పారతో కొట్టాను. అతని చెయ్యి మళ్లీ పనికి రాలేదు. నాకు మూడేళ్లు పడింది. అది తప్పుడు కేసు కాదు.

బయటికి వచ్చాక ఎనిమిది నెలలు పని కోసం తిరిగాను. ఒక బియ్యం మిల్లులో పదకొండు రోజులు చేశాను. పన్నెండో రోజు విషయం తెలిసి, రేపటి నుంచి రావద్దన్నారు. ఒక కాలేజీకి వాచ్‌మన్ కావాలంటే వెళ్లాను. "దొంగలొస్తే సుట్టాలని లోపలికి పిలుస్తావేటి?" అని గేటు దగ్గర ఒకాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన నవ్వింది మరిచిపోయాను గాని, నేను నవ్వింది ఇప్పటికీ మండుతుంది. మా ఊళ్లో నూర్పులకు అందరినీ పేరుపేరునా పిలుస్తూ నా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవారు.

ఆమె కొట్టుకు పని అడగడానికి వెళ్లలేదు. చోళ్లు, అంటే రాగులు, కొనడానికి వెళ్లాను. కొలిచే మనిషి రాలేదట, ఆమే కొలుస్తోంది. చెయ్యి వణికి గింజలు కింద పడుతున్నాయి. కుంచం అందుకుని నేనే కొలిచాను. ఆమె నా చేతుల వంకే చూసింది.

"ఏటి పని సేసీవోడివి?"

"జైల్లో ఉన్నానమ్మా."

"అది ఉండడం. పనేటని అడిగినాను."

"అక్కడ గోదాంలో బియ్యం కొలిసీవోణ్ణి."

"రాత వొచ్చా?"

"బస్తాల మీద అక్షరాలు సూసి నేర్సుకున్నాను."

"అయితే రేపొచ్చీ. మావోడికి మాత్రం సెప్పకు. వొట్టి పిరికోడు."

ఏం చేసి జైలుకు వెళ్లావని ఆ రోజు అడగలేదు. తరువాత తొమ్మిదేళ్లలోనూ అడగలేదు.

మొదటి వారంలోనే ఒక రైతు కళ్లానికి తీసుకువెళ్లింది. చోళ్లు రాశి పోసి ఉన్నాయి. మా వైపు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. తరువాత రెండు, మూడు. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ జైలు గోదాంలో మూడేళ్లు వార్డరు ఎదురుగా ఒకటి అనే మొదలుపెట్టాను. కళ్లంలో కుంచం నింపి, పైన చేత్తో సమం చేసి, గట్టిగా "ఒకటి" అన్నాను.

రైతు లేచి నిలబడ్డాడు. "ఏటమ్మా, ఈడెవుడు? నా కళ్లంలో తొలి కుంచానికి ఒకటంతాడేటి? నాకు ఒక్క కుంచమే మిగలాలనేటి ఈడి కోరిక?"

"మళ్లీ పొయ్యిరా," అంది ఆమె నాతో. ఆ కుంచెడూ రాశిలో తిరిగి పోసి, మళ్లీ నింపి, "లాభం" అన్నాను. ఆమె రైతు వైపు తిరిగి, "దూరం ఊరోడు బావూ, ఒరిస్సా పక్క. ఆళ్లకి ఇవి తెలవ్వు," అంది.

మా ఊరు ఆ కళ్లానికి రెండు కోసుల దూరమే.

ఆ అబద్ధం నీడలోనే తొమ్మిదేళ్లు బతికాను. అందరికీ నేను దూరం ఊరివాణ్ణి, ఆమె కొడుక్కి కూడా. పుస్తకంలో తప్పు రాసినా, టీ ఒలికినా ఆమెది ఒకటే మాట: "మళ్లీ పొయ్యిరా." పొద్దున్నే ముఖం ముడుచుకుని వెళితే, "ఆ మొకం కూడా మళ్లీ పొయ్యి," అనేది.

అన్నీ మంచి మాటలే రాస్తే ఆమెకే నచ్చదు. రెండేళ్ల కిందట భోగాపురం వైపు ఒక గోదాంలో పనుందని తెలిసింది. పాత యజమాని ఉత్తరం ఇస్తే చూస్తామన్నారు. తొమ్మిదేళ్లలో ఆమెను నేను అడిగింది అదొక్కటే. ఉత్తరం నేనే రాసి, సంతకం కోసం ముందు పెట్టాను. ఆమె చదివి, మడిచి, నా జేబులోనే పెట్టింది.

"కాయితమెందుకురా? ఎవుడికి అనుమానమొచ్చినా నన్నడగమను. నా నోరు సాలదేటి?"

ఆమెకు కొలిచే మనిషి కావాలి. నేను పోతే దొరకడు. అది నాకు ఆ పూటే అర్థమైంది. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అయిదో రోజు ఒక పెసర గింజ నా చేతిలో పెట్టి, "నువ్వు కొరికి సెప్పు, నాకు ఇనబడ్డం లేదు," అంది. కొరికి చెప్పాను. అక్కడితో సరిపోయింది.

ఆమె నోరే నా కాగితం. ఆ నోరు ఇప్పుడు లేదు.

ఆమె పోయిన అయిదో రోజున కొడుకు పిలిచాడు. "పన్నెండో రోజయ్యాక కంపెనీవోళ్లొస్తారు. మన సరుకంతా ఇక ఆళ్లకే. పనోళ్ల మీద కేసుల్లేవని పోలీసు కాయితం ఉండాలంట. నీదీ ఒకటి తెచ్చీ. ఊరికే, ఫార్మాలిటీ." సరేనన్నాను. నాలుగు రోజులు స్టేషన్ సందు మొదట్లో ఉన్న టీ బడ్డీ దాకా నడిచి, టీ తాగి, వెనక్కి వచ్చాను. వాళ్లు ఏం రాసిస్తారో నాకు తెలుసు.

పదకొండో రోజు సాయంత్రం, మర్నాటి భోజనాలకు వంటవాళ్లకు బియ్యం కొలవమన్నాడు. తను పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. గోడకు ఆమె ఫొటో ఆనించి ఉంది. కుంచం నింపి, చేత్తో సమం చేశాను. ఆమె కర్మ బియ్యానికి లాభం అనడానికి నోరు రాలేదు.

"ఒకటి," అన్నాను.

అతను తలెత్తి నవ్వాడు. "తొలి కుంచానికి ఒకటేటి? మీ దూరం ఊరి అలవాటు ఇంకా పోలేదేటి?"

"మా ఊరు దూరం కాదు బాబూ. జైల్లో అలా కొలిసీవోళ్లం."

అతని పెన్ను ఆగిపోయింది. నిండు కుంచం నా చేతుల్లోనే ఉంది. అంచు మీది గింజలు ఒక్కొక్కటే జారి నా పాదాల మీద పడుతున్నాయి. మళ్లీ పొయ్యమని ఎవరైనా అంటారేమోనని అలాగే పట్టుకుని నిలబడ్డాను.