పోయిన నెల మాట

"...పోయిన నెల మీరేగా అన్నారు, కథంటే టీ చల్లారేలోపు అయిపోవాలని!"

"అన్నాను. పోయిన నెల టీ వేరు."

"టీ వేరేమిటండీ? అదే ఫ్లాస్కు!"

ఆ ఫ్లాస్కు నా చేతిలోనే ఉంది. మెట్లెక్కుతుంటేనే పై గదిలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. సభ ఇంకా మొదలు కాలేదు, తగువు మాత్రం మొదలైపోయింది.

పెద్దాయనకు ఈ కాలపు సాహిత్యం మీద ఎప్పుడూ రెండు అభిప్రాయాలుండేవి. ఒకటి ఈ నెలది. రెండోది, దాన్ని కొట్టిపారేసే వచ్చే నెలది. రెండూ ఒకే గొంతుతో, ఒకే వేలు ఆడిస్తూ చెప్పేవాడు.

మా కథల సంఘం నెలకోసారి ఒక అద్దె మేడగదిలో కూడేది. ఒకరు కథ చదవాలి, మిగతావాళ్ళు విమర్శించాలి. నేను కార్యదర్శిని. అంటే కుర్చీలు దులపాలి, టీ మొయ్యాలి, అందరూ వెళ్ళాక లైట్లార్పాలి. ఎన్నాళ్ళుగా చేస్తున్నానని ఎవరైనా అడిగితే, లెక్కపెట్టడానికి కూడా ఓపిక లేదు.

పెద్దాయన తాతలనాటి మేడలో పుట్టి, అందులోనే పెరిగి, అందులోనే ముసలివాడయ్యాడు. వయసులో ఉండగా ఒకే ఒక్క నవల రాశాడు. "రచయితకి ఆకలి తెలియాలోయ్" అనేవాడు, భోజనం ఎక్కువై చొక్కా కింది గుండీ విప్పుకుంటూ. "రచయితన్నవాడు కాలినడకన లోకం చూడాలి" అనేవాడు. వీధి చివర ఆగిన కారు మెట్ల దాకా వస్తే తప్ప కిందికి దిగేవాడు కాదు.

ఒకసారి, "ఈ కొత్త కథల్లో అందరూ అద్దె ఇళ్ళలోనే ఉంటారేమయ్యా? ఒక్కడికైనా సొంత ఇల్లు కట్టించకూడదూ?" అని కోప్పడ్డాడు. మరుసటి నెల మా సంఘంలో ఉన్న దర్జీ పాపం తన కథలో నాయకుడికి డాబా కట్టించి తెచ్చాడు.

"అందరికీ సొంత ఇళ్ళుంటే ఇంక కథెక్కడిదోయ్?" అన్నాడు పెద్దాయన.

"పోయిన నెల మీరేగా అన్నారు!" అని గదంతా లేచింది. సభ అయిపోయేదాకా ఆ డాబా మీదే పోట్లాట. దర్జీ కథ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

కథ చదువుతున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడని మా అందరి నమ్మకం. నిద్ర లేచి, వినని కథ మీద తీర్పు చెబుతాడని మాలో ఒకరైన లెక్కల మాస్టారికి ఒళ్ళు మంట. చివరికి కమిటీవాళ్ళు నిర్ణయించారు: పెద్దాయన ఇక సభకు రానక్కర్లేదు. ఆ మాట ఆయనకు చెప్పే పని ఎవరిది? కార్యదర్శిదే. ఈ సభ అయ్యాక చెబుతానని ఒప్పుకున్నాను. ఒక కుర్చీ తక్కువ దులపొచ్చు కదా అని కూడా అనుకున్నాను.

ఆ రోజు చదవాల్సింది ఒక నర్సు. అదే ఆమె మొదటి కథ. టీ గ్లాసులు సర్దుతుంటే నా పక్కకొచ్చింది.

"అన్నయ్యా, ఇవాళ్టితో తేలిపోవాలి. డ్యూటీ చేసొచ్చి, పడుకోవాల్సిన వేళ కూర్చుని రాస్తున్నా. బాగాలేదంటే ఇక మానేస్తా. హాయిగా నిద్రైనా పోతా."

చదివింది. కాగితాల్లోంచి తలెత్తకుండా, గోడకానుకుని చదివింది. వార్డులో ఒక ముసలాయన, ఆయన మంచం పక్కన చూడవచ్చేవాళ్ళ కోసం ఒక స్టూలు. ఎవరూ రారు. నర్సు రోజూ దాన్ని తుడిచి అక్కడే పెడుతుంది. అంతే కథ.

మాస్టారు గొంతు సవరించుకుని పెన్ను మూత తీశారు. ఆయన మూత తీస్తే ఎవరి కథైనా ముక్కలవ్వాల్సిందే.

"మొదటి తప్పు ఏమిటంటే..."

"ఉద్యోగాలు చేసేవాళ్ళు అసలు కథలు రాయకూడదు" అన్నాడు పెద్దాయన, కళ్ళు తెరిచి.

ఆ గదిలో ఏ ఉద్యోగమూ చెయ్యనిది ఆయనొక్కడే.

"పోయిన నెల మీరేగా అన్నారు, పనిచెయ్యనివాడికి లోకమేం తెలుస్తుందని!" దర్జీ లేచాడు.

"లోకం తెలిస్తే చాలా? రాయాలంటే తీరిక ఉండాలి. తీరిక కావాలంటే ఇంట్లో వంటమనిషి ఉండాలి, గుమ్మంలో డ్రైవరుండాలి."

"మరి మీ వంటమనిషి కథ రాస్తే?" అంది నర్సు.

"వంట పాడవుతుంది."

"రేపు మీకు జ్వరమొస్తే మీ తీరికొచ్చి సెలైన్ పెడుతుందా అండీ?"

గది పగలబడి నవ్వింది. నర్సు నవ్వలేదు. గోడని వదిలేసి ఆయన కుర్చీ ముందుకొచ్చి నిలబడి, నర్సులు ఎందుకు రాయాలో చెబుతూ ఆయన్ని కడిగేసింది. చేతిలోని కాగితాల వైపు చూడనైనా లేదు. మాస్టారు కూడా పెన్ను మూత పెట్టేసి ఆమె పక్షాన చేరారు. ఆ మొదటి తప్పు ఏమిటో ఇప్పటికీ తెలియదు.

సభ ముగిశాక పెద్దాయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నాను. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉంది.

"ఏమోయ్ కార్యదర్శీ, ఆ స్టూలు బాగుంది కదూ?"

"ఏ స్టూలండీ?"

"కథలోది. ఆఖర్న ముసలాయన తన మందు సీసా దాని మీద పెట్టబోయి, ఎవరైనా వస్తారేమోనని మానేస్తాడు చూడు, అక్కడ."

నేను ఆగిపోయాను. ఆ ముక్క నాకే గుర్తు లేదు.

"విన్నారా? మరి పైన అలా అన్నారేం?"

"మాస్టారు మూత తీశాడుగా. ఆయన మూత తీసినప్పుడల్లా సభలో ఒకరు తగ్గిపోతున్నారు." ఇంకో మెట్టు దిగి ఆయాసపడ్డాడు. "నన్ను తిడితే నాకేమవుతుందోయ్? ఇంటికెళ్ళేసరికి కోడలు వేణ్ణీళ్ళు పెట్టి ఉంచుతుంది. స్నానం చేస్తే ఆ తిట్లన్నీ పోతాయి."

"అయితే మీరు చెప్పేవన్నీ ఉత్తినేనా?"

"ఉత్తినే ఎందుకు? వంటమనిషి ఉండాలన్నది నిజమే." చొక్కా కింది గుండీ సర్దుకున్నాడు. "అందరూ ఉండీ నేను రాసింది ఒక్కటేననుకో."

కారు మెట్ల దాకా వచ్చింది. ఇంకో అడుగు ముందుకు తేలేకపోయావా అని డ్రైవరు మీద విసుక్కుని ఎక్కాడు. నా మాట నా నోట్లోనే ఉండిపోయింది.

లైట్లార్పుదామని వెనక్కి తిరిగితే మెట్ల మీద నర్సు. మొహం ఇంకా ఎర్రగానే ఉంది.

"వెళ్ళిపోయాడా ఆయన?"

"ఇప్పుడేనమ్మా."

"ఆయన్ని ఇక రావొద్దంటున్నారట కదా, మాస్టారు చెప్పారు. వీల్లేదన్నయ్యా. వచ్చే నెల ఇంకో కథ తెస్తున్నా. ఆయన్ని ముందు వరసలో, సరిగ్గా నాకెదురుగా కూర్చోబెట్టండి."