పన్నెండో చుక్క

1993 నవంబరు 9, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మాస్టారు చేతిలోని సుద్దముక్కను నేలకేసి కొట్టిన సమయం అది. ఆ గదిలో గడియారం నాలుగు నిమిషాలు ముందు నడిచేది. కాబట్టి అసలు సమయం పదీ పదహారు. నా పుస్తకంలో రెండూ రాసుకున్నాను.

అరబ్బు దేశంలో ముహర్రక్ అనే ఊళ్లో, విమానాశ్రయం వెనక, కంచె పక్కన పొడవాటి రేకుల గది ఒకటి ఉండేది. అక్కడ ఊడ్చి తుడవడం నా పని. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. విమానాల్లో రాడార్ ముందు కూర్చునేవాళ్లకు ఆ గదిలో పాఠాలు చెప్పేవారు. సముద్రం మీద ఎగురుతూ, నీళ్లలో దాక్కున్న జలాంతర్గాములను కనిపెట్టడం వాళ్ల ఉద్యోగం. పాఠం చెప్పేది ఒక ముసలి తెల్లాయన. తన ఉద్యోగకాలమంతా ఆయన కూడా విమానంలో రాడార్ ముందే గడిపాడు. అందరూ సార్ అనేవారు. నేను మాస్టారు అనేదాన్ని. ఆయన ఇంగ్లీషు నాకు, నా తెలుగు ఆయనకు చేరవేసేది డ్రైవరు భాయ్. కరీంనగర్ మనిషి. వాన్ నడపడం, టీ పెట్టడం కూడా అతని పనులే.

రోజూ తుడుస్తూ వినగా వినగా రెండేళ్లలో ఆ పాఠం నాకూ వచ్చేసింది. జలాంతర్గామి ఎంతసేపు మునిగినా, చుట్టూ చూసుకోవడానికో గాలి పీల్చుకోవడానికో ఒక గొట్టాన్ని నీటిపైకి ఎత్తక తప్పదు. అది పైకి వచ్చేది మూరో, మూరన్నరో. విమానంలో రాడార్ తిరుగుతూ ఉంటే ఆ గొట్టం తెర మీద ఒక చుక్కలా మెరుస్తుంది. చిక్కేమిటంటే అలలు కూడా మెరుస్తాయి. కాకపోతే అల మెరిసిన చోట మళ్లీ మెరవదు. ఇనుము మాత్రం ప్రతి చుట్టుకీ అదే చోట మెరుస్తుంది. చెక్కను, మనిషిని రాడార్ దాదాపు పట్టించుకోదు. మాస్టారు ఇదంతా ఏడాదికి నాలుగు జట్లకు చెప్పేవాడు. ఒక్క ముక్క కూడా మార్చేవాడు కాదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఆ రోజు ఆయనకు కోపం రావడానికి కారణం ఉంది. మూడు వారాలుగా విమానాల రాడార్ తెరల మీద, ఉత్తర దిక్కు సముద్రంలో వరసగా చుక్కలు కనిపిస్తున్నాయి. అచ్చం గొట్టాల్లాగే కదలకుండా మెరుస్తున్నాయి. ప్రతిసారీ విమానం కిందికి దిగి వెళ్తోంది. తీరా చూస్తే కర్రలు.

భాయ్ నా దగ్గరికి వచ్చి నవ్వుతూ చెప్పాడు. "కర్రల మీద నూనె డబ్బాలు గట్టిండ్రంటమ్మా. జాలరోళ్ల పని. సారుకు పిచ్చి లేస్తుంది."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ డబ్బాలు నేను ఇచ్చినవి.

మా తమ్ముడు ముహర్రక్ జెట్టీ నుంచి ఒక అరబ్బు యజమాని పడవ మీద చేపల వేటకు వెళ్లేవాడు. పడవలో మొత్తం నలుగురు. వాళ్లు వల వేసేవారు కాదు. తీగతో అల్లిన గుమ్మటం లాంటి బోనులు, గర్గూర్ అంటారు, వాటిని సముద్రం అడుగుకు దించేవారు. ఏ చోట దించారో గుర్తుకు, రాయి కట్టిన తాడుతో ఒక కర్ర తేలేలా వదిలేవారు. మిగతా పడవలవాళ్లు కర్రకు గుడ్డ పీలిక కట్టేవారు. ఎండకు, ఉప్పుకు నెల తిరక్కుండా గుడ్డ చివికిపోతోందని మా తమ్ముడు నన్ను డబ్బాలు అడిగాడు. హూరా పేటలో నేనుండే మేడ కింద మెస్సు ఉండేది. అక్కడ ఖాళీ అయిన పదిహేను కిలోల నూనె రేకు డబ్బాలు అడిగి తెచ్చి ఇచ్చాను. అక్టోబరు 1న ఐదు, 8న నాలుగు, 15న మూడు. మొత్తం పన్నెండు.

ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. అయినా వెంటనే వెళ్లి చెప్పాను. భాయ్ సగం నవ్వుతూ, సగం జంకుతూ ఇంగ్లీషులోకి మార్చాడు.  మాస్టారు గోడ మీది సముద్రపు పటం దగ్గరికి నన్ను పిలిచి ఎన్ని కర్రలున్నాయని అడిగాడు. పదకొండు అన్నాను. పన్నెండో డబ్బా కర్ర మీద లేదు, పడవలో నీళ్లు తోడి పోయడానికి ఉంచుకున్నారు అని కూడా చెప్పాను. అడగకపోయినా లెక్క పూర్తిగా చెప్పడం నా అలవాటు. ఆయన పటం మీద పదకొండు నల్లచుక్కలు పెట్టి, చుట్టూ గీత గీసి, పక్కన ఏదో రాశాడు. వీటిని వదిలెయ్యండి అని రాశాడని భాయ్ చెప్పాడు.

ఆ శుక్రవారం తమ్ముడు నా గదికి వచ్చినప్పుడు సంగతి చెప్పాను. టీ ఒలికిపోయేంతగా నవ్వాడు.

"అయితే అప్పా, మన నూనె డబ్బాకి జడిసిపోనారేటి ఆ దొరలు?"

నేను నవ్వలేదు. మీది చెక్క పడవ, వాళ్లకు కనపడదు, మీరూ కనపడరు, డబ్బా ఒక్కటే కనిపిస్తుంది, ఎప్పుడైనా పడవకు ఏమైనా అయితే ఆ పన్నెండోదాన్ని పైకెత్తి పట్టుకో అని చెప్పాను.

"ఏటి మాటలప్పా ఇవి. నాను ములిగిపోయినా నీకు డబ్బాల లెక్కే గావాలేటి?"

అవునన్నాను.

1994 జనవరి 17, సోమవారం మధ్యాహ్నం వాళ్లు బోనులు ఎత్తడానికి వెళ్లారు. మూడు గంటలకు షమాల్ లేచింది. షమాల్ అంటే అక్కడ వాయవ్యం నుంచి వీచే పెనుగాలి. మంగళవారం ఉదయం ఆరున్నరకు నేను బస్సు దిగి, ఎప్పటిలా జెట్టీ మీదుగా నడిచి వెళ్తుంటే మిగతా పడవలన్నీ ఉన్నాయి. మా తమ్ముడి పడవ లేదు. యజమాని గట్టు మీదే నిలబడి ఉన్నాడు. రాత్రే తీర రక్షణ లాంచీ బయల్దేరిందని, గాలి తోసిన వైపు, అంటే ఆగ్నేయంగా చాలా దూరం వెతుకుతోందని చెప్పాడు. విమానంవాళ్లను కూడా చూడమన్నారట.

అక్కడ కూర్చుంటే నాకు తెలిసేదేమీ లేదు. విమానంవాళ్లు చూసిన సంగతి ముందుగా వచ్చేది నేను తుడిచే గదికే. కాబట్టి డ్యూటీకి వెళ్లాను.

విమానం ఎనిమిదీ ఇరవైకి దిగింది. అందులోని ఇద్దరు కుర్చీల్లో కూలబడ్డారు. సముద్రమంతా చూశామని, ఏమీ లేదని, ఆ జాలరుల కర్రలు తప్ప ఇంకేం కనపడలేదని చెప్పారట. భాయ్ నాకు ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

విమానం చూసిన చుక్కలను పటం మీద పరిచే ప్లాస్టిక్ షీటు మీద గుర్తు పెట్టేవారు. మొదటి విడత ఎర్ర రంగు, యాభై నిమిషాల తర్వాత రెండో విడత నీలం. మాస్టారు చూశాక ఆ షీటును స్పిరిట్ గుడ్డతో తుడిచేసేది నేనే. తొమ్మిదీ నలభైకి షీటు నా చేతికి వచ్చింది.

ఏది తుడవాలన్నా ముందు దాని మీద ఏమేం ఉన్నాయో లెక్క పెడతాను. ఏదైనా పోతే మొదట అడిగేది తుడిచినదాన్నే. షీటును పటం మీద ఆనించి, నల్లగీత లోపల ఎర్రచుక్కలు లెక్కపెట్టాను. పన్నెండు. నీలం చుక్కలు లెక్కపెట్టాను. పన్నెండు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. పదకొండింటిలో ఎరుపు మీద నీలం సరిగ్గా కూర్చుంది. పన్నెండోది వరస చివర, కొంచెం పక్కగా ఉంది. దాని నీలం చుక్క ఎర్రచుక్కకు పెసరగింజంత దూరం జరిగి ఉంది. ఆగ్నేయంగా.

షీటు పట్టుకుని మాస్టారు బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన ఫోనులో ఉన్నాడు. చేయి ఊపి తర్వాత రమ్మన్నాడు. నేను షీటును ఫోను మీదే పరిచాను, ఆయన మాట ఆపి ఫోను పెట్టేశాడు. రెండేళ్లలో ఆయన మాటకు అడ్డు వెళ్లడం అదొక్కసారే.

భాయ్‌ని పిలిచి చెప్పమన్నాను. పదకొండు కర్రలు, పన్నెండు చుక్కలు.

మాస్టారు షీటు వైపు చూసి, వాళ్లు ఇంకో కర్ర వేసి ఉంటారని అన్నాడు. న్యాయమైన అనుమానమే.

"వేస్తే డబ్బా ఎక్కడిది?" అన్నాను. "డబ్బాలిచ్చేది నేను. అక్టోబరు పదిహేను తర్వాత ఒక్కటి కూడా ఇవ్వలేదు. కర్రకు రాయి కట్టి ఉంటుంది, అది కదలదు. ఇది కదిలింది. పన్నెండో డబ్బా పడవలో ఉంటుందని ఆ రోజే మీకు చెప్పాను."

భాయ్ అదంతా ఒక్క ఊపిరిలో చెప్పి, చివర సొంతంగా ఒక మాట కలిపాడు. అది తర్వాత నాకు తెలుగులో చెప్పాడు. "ఈమె లెక్క తప్పుడు నేనైతే చూడలే సార్ అన్నమ్మా."

మాస్టారు భూతద్దం తెచ్చుకున్నాడు. ఎర్రచుక్కల మీద ఒక్కొక్కటిగా వేలు పెడుతూ ఆయన కూడా లెక్కపెట్టాడు. పన్నెండోదాని మీద వేలు తీయకుండానే ఇందాక పెట్టేసిన ఫోను అందుకున్నాడు. సమయం తొమ్మిదీ యాభై రెండు, గది గడియారంలో. తొమ్మిదీ నలభై ఎనిమిది, అసలుది.

లాంచీ అంతసేపూ పాతిక మైళ్ల అవతల వెతుకుతోంది. పడవ గాలికి కొట్టుకుపోయిందనే అందరూ అనుకున్నారు. అది పోలేదు. ఇంజను ఆగి, పెద్ద అల ఎక్కి పడవ అంచుదాకా నిండినా, మావాళ్లు లంగరు వేయగలిగారు. లంగరు ఇసుకలో సరిగా పట్టక, నేలను గీరుకుంటూ కొంచెం కొంచెంగా జరిగింది. అందుకే పడవ కర్రల వరస పక్కనే ఉండిపోయింది. వదిలెయ్యమని గీత గీసిన చోటే ఉంది కాబట్టి, చూసినవాళ్లు చూసీ వదిలేశారు. ఆ గీతకు మూలం నేను చెప్పిన మాటే. ఈ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పదీ ఇరవైకి ఇంకో విమానం తక్కువ ఎత్తులో ఆ చోటికి వెళ్లింది. తెడ్డు చివర కట్టిన నూనె డబ్బాను ఒక మనిషి ఎత్తి పట్టుకుని ఉన్నాడని, నడుము లోతు నీళ్లలో ఇంకో ముగ్గురు అతన్ని పట్టుకుని ఉన్నారని రేడియోలో చెప్పారు. నాలుగు తలలు. భాయ్ నాలుగు వేళ్లు చూపిస్తూ వరండాలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. టీ గ్లాసులు రెండు పగలగొట్టాడు. పెంకులు నేనే ఊడ్చాను.

మధ్యాహ్నం పన్నెండూ నలభైకి లాంచీ జెట్టీకి చేరింది. మాస్టారు కూడా వాన్‌లో వచ్చాడు. తమ్ముడు దుప్పటి కప్పుకుని, కుడిచేతికి గుడ్డ చుట్టుకుని, తన కాళ్ల మీద తనే నడిచి దిగాడు. పెదాలు తెల్లబడ్డాయి. నన్ను చూసి ఏడుస్తాడనుకున్నాను.

"వంతులేసుకుని ఎత్తేమప్పా. తెల్లారేక ఇమానం రెండుసార్లు పైనించి పోనాది. ఆగనేదు. నీ లెక్క తప్పిందేమో అనుకున్నాను."

నా లెక్క ఎందుకు తప్పుతుందని అడిగాను. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. యజమాని, భాయ్, మాస్టారు మర్యాదగా సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు.

మరునాడు మాస్టారు పటం మీది నల్లగీతను తానే స్పిరిట్‌తో తుడిచాడు. కొత్త జట్టు ముందు నన్ను నిలబెట్టి, జరిగింది తేదీలతో సహా చెప్పాడు. రెండు చోట్ల సమయం తప్పు చెబితే భాయ్ చేత సరిదిద్దించాను. తెలిసిన చుక్కలను కూడా విడతవిడతకూ లెక్కపెట్టాలి, లెక్క సరిపోయాకే వదలాలి అని ఆ రోజు నుంచి పాఠంలో ఒక ముక్క చేర్చాడు. ఏ ముక్కా మార్చని మనిషి! నేను అక్కడ పనిచేసిన ఇంకో పద్నాలుగు నెలలూ, పాఠం మొదలయ్యే ముందు షీటు మొదట నా చేతికి వచ్చేది. లెక్క చెప్పాకే ఆయన చేతికి వెళ్లేది. ముప్పై ఒక్కసార్లు వాళ్ల లెక్కకూ నా లెక్కకూ తేడా వచ్చింది. ఇరవై తొమ్మిదిసార్లు నాదే సరైంది.

తమ్ముడు మళ్లీ సముద్రం మీదికి వెళ్లాడు. ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిది, వాడికి డెబ్బై రెండు. ఇద్దరం బాగానే ఉన్నాం.

ఆ రోజు పోయినవి ఇవి. పడవ ఒకటి, తాడు కట్టి లాక్కొస్తుండగా మునిగింది. ఇంజను ఒకటి. గర్గూర్ బోనులు నలభై నాలుగింటిలో పంతొమ్మిది. చెప్పుల జతలు నాలుగు. అన్నం క్యారియర్లు రెండు. తమ్ముడి కుడిచేతి చిటికెనవేలు, దాని పక్కవేలు, లంగరు తాడు కింద నలిగి, రెండో కణుపు దాకా. నాగా పెట్టినందుకు నా సగం రోజు జీతం. మనుషులు ఎవరూ పోలేదు.