కాయ తగిలేదాకా

మా మావగారు పోయారన్న కబురు నేను నాలుగో తరగతి గదిలో ఉండగా వచ్చింది. బోర్డు మీద భిన్నాల లెక్క సగంలో ఉంది. హెడ్మాస్టరుగారు సెల్‌ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నా చేతికిచ్చారు. అవతల మా ఆయన. "నాన్న ఎల్లిపోనాడు" అన్నాడు. పొద్దున్న గంజి తాగి వసారాలో మంచం మీద ఒరిగారట. మళ్ళీ లేవలేదు.

తోటి టీచరు ఆటో పిలిపిస్తానంది. ఈ స్థితిలో బండి నడపొద్దని బతిమాలింది కూడా. నేను వినలేదు. ఈ ఒక్క రోజు ఆ బండి మీద కాకుండా ఆటోలో దిగితే ఆయన చచ్చిపోయి కూడా కోప్పడతారు. పద్నాలుగు కిలోమీటర్లు ఏడుస్తూనే నడిపాను. ఇంజను మాత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఆయన్ని మహానుభావుణ్ణి చేద్దామని ఈ నాలుగు మాటలూ రాయడం లేదు. ఆయన కొబ్బరి రైతు. ఉద్దానంలో అలాంటివాళ్ళు తోటకొకరు ఉంటారు. కానీ ఇవాళ నేను పంతులమ్మనని చెప్పుకుంటున్నానంటే అది ఆయన షెడ్డు పుణ్యం. ఆ మాట నలుగురికీ చెప్పకపోతే నాకు తిన్న అన్నం అరగదు.

ఆ షెడ్డు మా ఊళ్ళో పెద్ద వేళాకోళం. ఇల్లు కట్టే రోజుల్లో టెక్కలిలో ఉండే ఆయన బావమరిది కారు కొన్నాడు. మావగారు పంతానికి పోయి, ఇంటి పక్కన రెండు రెక్కల తలుపులతో కారు షెడ్డు కట్టించారు. షెడ్డు వచ్చింది, కారు రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని టీ కొట్టు దగ్గర ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

కారు బదులు ఊళ్ళో పారేసిన ఇనుమంతా అందులోకి చేరింది. అత్తమ్మ కుట్టుమిషను తొక్కుడుకి సానరాయి బిగించి, కాలితో తొక్కుతూ కొడవళ్ళు సానపట్టేవారు. ఆవకాయ సీసాల మూతలు అటక చెక్కకి మేకులతో దిగ్గొట్టి, సీసాల్లో నట్లూ బోల్టులూ పోసి, కిందనుంచి తిప్పి బిగించేవారు. తల పైకెత్తితే చాలు, ఏ సీసాలో ఏముందో కనిపించేది. చెడిపోయిన రేడియోలోని అయస్కాంతాన్ని తాడుకి కట్టి ఇసుక నేల మీద ఈడిస్తే, పడిపోయిన స్క్రూలన్నీ దానికి అంటుకుని వచ్చేవి. ఆసుపత్రి సెలైను గొట్టంతో పెట్రోలు తీసేవారు, దాన్లోనే నీళ్ళు నింపి గోడ మట్టం కూడా చూసేవారు. "నా ఇంట్లో సీసాలుండవు, మిసనుండదు, మొగుడూ ఉండడు. అన్నీ ఆ సెడ్డులోనే" అని అత్తమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

నేను ఆ ఇంటి కోడలిగా వచ్చింది తొంభైల చివర్లో. అప్పట్లో మా ఇళ్ళలో కోడళ్ళు మావగారి ఎదుట నిలబడి మాట్లాడేవారు కాదు. తలుపు చాటునుంచి ఒకటో రెండో మాటలు, అంతే. ఒకరోజు టీ గ్లాసు షెడ్డు గుమ్మంలో పెట్టి వెనక్కి తిరగబోతుంటే, నీళ్ళ మోటారు కింద పడుకుని ఉన్న ఆయన చెయ్యి ఒకటే బయటికి చాచి "పదమూడు" అన్నారు. కొడుకనుకున్నారు. బల్ల మీంచి పదమూడో నెంబరు పానా తీసి ఆ చేతిలో పెట్టాను. నెంబరు దాని మీదే చెక్కి ఉంది, అదేమంత బ్రహ్మవిద్య కాదు. "ఇదేటి, ఈడు ఒక్కసారికే సరైంది ఇచ్చీసినాడు" అంటూ బయటికి జరిగి చూశారు. గాజుల చెయ్యి కనిపించింది. మర్నాటి నుంచి నెంబరు చెప్పాల్సొస్తే తలుపు వైపు తిరిగి చెప్పడం మొదలెట్టారు.

నాకు ఉద్యోగం వచ్చిన ఊరు సముద్రం ఒడ్డున. మందస దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు, ఆపైన ఇసుకలో నడక. బస్సు రాని రోజే ఎక్కువ. హాజరు పట్టీలో నా పేరు పక్కన రెండుసార్లు ఎర్ర సిరా పడింది. మూడోసారి పడితే పైకి రాయాల్సి వస్తుందమ్మా అని హెడ్మాస్టరుగారు నొచ్చుకుంటూనే చెప్పారు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. "ఇంటిపట్టున ఉండరాదేటమ్మా, ఈ పరుగులెందుకు" అంది అత్తమ్మ. మా ఆయన కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీకి తెల్లారకుండా వెళ్ళిపోతాడు, నన్ను దింపే వీలు లేదు. నాకూ ఓపిక చచ్చింది. ఒక నోటుపుస్తకం అట్ట లోపలి వైపు రాజీనామా చిత్తుప్రతి రాసి పెట్టుకున్నాను.

మావగారు ఎవరికీ చెప్పకుండా కాశీబుగ్గ వెళ్ళి, మధ్యాహ్నానికి ఆటోలో రెండు గోనెసంచులు దింపారు. పాత ఇనుము కొట్లో దొరికిన మోపెడ్ అది. ఒక సంచిలో ఇంజను, ఇంకో సంచిలో మిగతాది. ఆ రాత్రి అన్నం దగ్గర గోడతో మాట్లాడుతున్నట్టు అన్నారు: "నాను బిగిత్తే అది నా బండవుద్ది. నువ్వు బిగిత్తే నీ బండి."

అలా మూడు వారాలు, బడినుంచి రాగానే కొంగు బిగించి షెడ్డులో కూర్చున్నాను. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని నోటితో చెప్పేవారు, చెయ్యి మాత్రం వేసేవారు కాదు. సైలెన్సరు నట్టు తుప్పు పట్టి బిగిసిపోతే "నూనె పట్టించు" అన్నారు. నేను మూలనున్న డబ్బాలోది పట్టించాను. అది వాసాలకి చెదలు పట్టకుండా పూసే జీడితొక్కల నూనె, ఆరితే బంకలా గట్టిపడుతుంది. నా వేళ్ళు బొబ్బలెక్కాయి, నట్టు రాయిలా అతుక్కుపోయింది. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత అదే నూనెతో తన సుత్తి పిడి బిగించుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "ఇది మా కోడలు కనిపెట్టిన మందు" అని చూపించుకున్నారు. ఇన్నేళ్ళలో ఆ బండికి ఊడని నట్టు ఏదైనా ఉందంటే అదొక్కటే.

చివరికి కార్బొరేటరు బిగించాల్సిన చోట ఆగాం. మధ్యలో గాలి చొరకుండా గాస్కెట్ ఉండాలి. సంచుల్లో అది లేదు. "దళసరి అట్టముక్క ఏటైనా పట్రామ్మా" అన్నారు. నేను తొందరలో ఆ నోటుపుస్తకమే తెచ్చాను. అట్ట తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ అక్షరం అక్షరం చదివారు.

"ఇది నీకు కావాలేటమ్మా?"

"వద్దు మావయ్యా" అన్నాను. ఆయన ఎదుట నిలబడి నేను గట్టిగా అన్న మొదటి మాట అదే.

ఆయన అట్ట చింపి కార్బొరేటరు కూర్చునే ఇనుము మీద పరిచి, గుండ్రటి తల ఉన్న సుత్తితో అంచుల వెంబడి మెల్లగా కొట్టారు. కత్తెర ముట్టుకోలేదు. ఇనుము అంచుకి అట్ట దానంతటదే తెగింది. 'తమ విధేయురాలు' అన్న చోట సరిగ్గా కన్నం పడింది. దానికి గ్రీజు రాసి, బిగించమని నా చేతికిచ్చారు. మరి కాసేపటికి బండి పొగ చిమ్ముతూ లేచింది. అత్తమ్మ పరుగున వెళ్ళి చక్రాల కిందకి నిమ్మకాయలు తెచ్చింది. మావగారు తిన్నగా ఎస్టీడీ బూతుకి వెళ్ళి టెక్కలి ఫోను కలిపారు. "బావా, మా సెడ్డులోకి బండొచ్చీసింది." ఏం బండి అని అవతల అడిగినట్టున్నాడు. "నడిసే బండి" అని పెట్టేశారు.

నడపడం వేరు, ఆపడం వేరు. మొదటి రోజు సాయంత్రం తిన్నగా షెడ్డులోకి వెళ్ళి ఆయన బల్లని గుద్దేశాను. బల్ల మీదున్న మూడు సీసాలు పగిలాయి. ఆయన అయస్కాంతం పట్టుకుని స్క్రూలు ఏరుకున్నారు. మర్నాడు నేను వచ్చేసరికి షెడ్డు దూలానికి కొబ్బరి తాడుతో ఒక ఎండు కొబ్బరికాయ వేలాడుతోంది. బండి ముందు లైటు దానికి తగిలిన చోట ఆపితే, బల్లకీ చక్రానికీ మధ్య సరిగ్గా జానెడు ఖాళీ.

"కాయ తగిల్తే ఆగు. తగల్నేదా, వత్తూనే ఉండు" అన్నారు.

ఎర్ర సిరా కథ ఇంకా మిగిలే ఉంది. వర్షాలు వెలిసిన ఒక సోమవారం, ఎం.ఇ.ఓ. గారు తనిఖీకి వస్తున్న రోజే, సగం దారిలో బండి రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. రెండు వైపులా కొబ్బరితోటలు, మనిషి లేడు. పనిముట్ల సంచి షెడ్డులో బల్ల మీదే మర్చిపోయాను. ఇంక అయిపోయిందనుకున్నాను. అంత చాకిరీ చేసి, ఆఖరికి ఈ ఇసుకలో ఉద్యోగం పోగొట్టుకుంటున్నానని ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. కార్బొరేటరు స్క్రూల గాడిని ఆయన రంపంతో కోసి వెడల్పు చేసి పెట్టారు. ఎందుకంటే, "స్క్రూడ్రైవరు మర్సిపోతావు. రూపాయి మర్సిపోవు" అన్నారు.

పర్సులోంచి రూపాయి బిళ్ళ తీశాను. స్క్రూలు తిరిగాయి. లోపల పెట్రోలు వచ్చే సన్నటి కన్నం నలుసుతో పూడిపోయి ఉంది. ఇనుపతీగ పెడితే కన్నం పెద్దదైపోతుందని, ఈనెపుల్లే పెట్టాలని ఆయన పదిసార్లు చెప్పారు. ఉద్దానంలో ఈనెపుల్లకి కరువేమిటి? కాళ్ళ దగ్గరే ఎండు మట్ట పడి ఉంది. ఒక ఈనె లాగి, పళ్ళతో చీల్చి సన్నం చేసి, కన్నంలో పెట్టి తిప్పాను. నోటితో ఊదితే పెట్రోలు నాలుక్కి తగిలింది. అంత రుచి అంతకుముందు ఎరగను. మళ్ళీ బిగించి పెడలు తొక్కితే మూడో తొక్కుకి లేచింది. ఆ తోటలో ఎవరూ లేరు కదా అని గట్టిగా అరిచాను కూడా.

గంట కొడుతుండగా బడిలో అడుగు పెట్టాను. ఎం.ఇ.ఓ. గారు హాజరు పట్టీ ముందేసుకుని కూర్చున్నారు. మసీ గ్రీజూ అంటిన నా చేతులు చూసి "ఇదేంటమ్మా?" అన్నారు. "బండి బాగుచేసుకుని వచ్చాను సార్" అన్నాను. ఆయన పట్టీ నా వైపు జరిపారు. నీలం సిరాతో సంతకం చేశాను. పక్కన నల్లటి బొటనవేలి ముద్ర కూడా పడింది. మూడో ఎర్ర గీత ఆ పట్టీలో ఎన్నడూ పడలేదు.

సాయంత్రం ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా చెబితే మావగారు ఒక్కటే అడిగారు: "ఈనె పచ్చిదా, ఎండుదా?"

"ఎండుదే మావయ్యా."

"మరింకేటి" అని చొక్కా వేసుకుని టీ కొట్టుకి బయల్దేరారు. అన్నం వేళ దాటినా తిరిగి రాలేదు. ఊరంతా చెప్పి వచ్చారని తర్వాత తెలిసింది. షెడ్డు మీద వేళాకోళాలు ఆ రోజుతో ఆఖరు.

తర్వాత బాబు పుట్టినప్పుడు, వాడికి ఒంట్లో బాగోక నెలల తరబడి నిద్రలేనప్పుడు, మళ్ళీ మానేద్దామనుకున్నాను. షెడ్డు గుమ్మంలో కూర్చుని ఆ మాటే చెప్పాను. ఆయన తల ఎత్తకుండా "కాయ తగిలిందేటి?" అన్నారు. లేదన్నాను. "మరి?" అన్నారు. పిల్లాణ్ణి తన ఒళ్ళోకి తీసుకున్నారు. ఆ ఏడాదంతా వాడు సానరాయి చప్పుడుకే నిద్రపోయాడు.

చివరి రోజుల్లో ఆయనకి చూపు తగ్గింది. మంచం మీంచే నా బండి చప్పుడు విని "చెయిను వదులైంది, రేపు సూసుకో" అనేవారు. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఇప్పుడు ఊళ్ళో నలుగురు ఆడపిల్లలు బళ్ళ మీద పనులకి వెళ్తున్నారు. ఆదివారాలు మా షెడ్డుకి వస్తారు. వాళ్ళకి నేను పానా అందిస్తానేగాని చెయ్యి వెయ్యను.

దినాలు అయ్యాక నిన్ననే మళ్ళీ బడికి వెళ్ళాను. సాయంత్రం వచ్చి షెడ్డు తలుపులు తీశాను. ఆయన పోయాక అందులోకి బండి తీసుకెళ్ళడం అదే మొదలు. ముక్కాలిపీట ఖాళీగా ఉంది. కళ్ళు మసకబారి బల్ల ఎంత దూరంలో ఉందో తెలియలేదు. మెల్లగా పోనిచ్చాను. టక్కుమని లైటుకి కాయ తగిలింది. ఆగాను.

తల ఎత్తి చూస్తే తాడు కొత్తది. చూపు ఆనని మనిషి ఎప్పుడు పేనారో, నిచ్చెన ఎలా ఎక్కారో ఇంట్లో ఎవరికీ తెలీదు. నేను ఇంజను ఆపేశాను. కాయ ఇంకా ఊగుతూనే ఉంది.