తిన్నాకే తాగమన్న మాట

మొన్న గోరంట్ల సంతలో ఒక పెద్దామె గోనెపట్టా మీద ఎండుటాకు కుప్ప పోసుకుని కూర్చుంది. ఏమాకు అని అడిగాను. "నెత్తురు క్యాన్సరుకప్పా. నల్లమాడ పక్క సారు ఒకాయన మిషన్లో పెట్టి చూసినాడంట. పరగడుపున తాగొద్దు, తిన్నాకే తాగాల," అంది. ఆ సారు నేనేనని, అందులో మందు లేదని చెప్పాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "పోప్పా, ఆయప్ప పెద్ద చదువు చదివినోడు," అంది. తిన్నాకే తాగమన్న ఆ మాట ఎలా పుట్టిందో ఇప్పటికైనా చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట నేను యూనివర్సిటీలో పరిశోధన చేసేవాణ్ణి. మా గుట్టల్లో మేకలు కూడా మూతి తిప్పుకునే మొక్క ఒకటి ఉంది. పేరు రాయను, రాస్తే ఇంకెవరైనా కోసుకుంటారు. దాని ఆకుల సారం తీసి, దాన్ని కరిగించే ద్రావకంలో కలిపి, ప్రయోగశాలలో పెంచిన ల్యుకేమియా కణాల మీద, అంటే నెత్తురు క్యాన్సర్ కణాల మీద పోసేవాణ్ణి. ఒకరోజు చూస్తే కణాలన్నీ చచ్చి ఉన్నాయి. చంపింది ఆకేనని తేలాలంటే, ఆకు లేకుండా ఉత్త ద్రావకం పోసి కూడా చూడాలి. ఆ పని చేయకముందే ఊరికి ఫోన్ చేశాను. ఊళ్లో మండే ఎండల్లో నాకు ఉన్ని శాలువా కప్పారు. చెమటలు కారుతుండగా మైకులో, "మన ఆకు నెత్తురు క్యాన్సర్ని చంపుతుంది," అన్నాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా బావ, అక్క మొగుడు. ఆయనకు ఆ జబ్బే. రోజూ మాత్ర మింగుతూ, వేరుశనగ చేను చూసుకుంటూ బాగానే ఉన్నాడు.

తిరిగి వెళ్లి ఉత్త ద్రావకం పోసి చూశాను. అప్పుడూ కణాలు చచ్చాయి. చంపింది ఆకు కాదు, నేను మోతాదు మించి పోసిన ద్రావకం.

ఆ సంగతి చెప్పడానికే ఊరికి వచ్చాను. బావ అరుగు మీద పక్కింటివాళ్లతో కూర్చుని, చేతిలో పచ్చటి కషాయం గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

"రాప్పా డాక్టరూ! నీ మందే తాగుతాండా. థూ, దీని ముందర యాప పసరు పానకమే. మాత్రలు నిలిపేసినా. అవి మింగితే కాళ్లు పీకుతాండె."

అక్క లోపలి నుంచి, "బామ్మర్ది కనిపెట్టినాడని ఊరంతా చెప్పుకుంటా తిరుగుతాండాడు. చేన్లో పని యాడిది ఆడనే ఉండాది," అని నవ్వింది.

అందరూ నా వైపే చూస్తున్నారు. నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగేసి, "పరగడుపున తాగొద్దు బావా, తిన్నాకే తాగు," అన్నాను. కడుపు నిండాక అంత చేదు తాగలేక తగ్గిస్తాడనుకున్నాను. మాత్రలు మానొద్దని కూడా అనలేదు. అంటే ఎందుకని అడుగుతాడు. నా మాటతో ఉత్త ఆకు కాస్తా పథ్యంతో సహా వైద్యమైపోయింది. బావ ఆ పథ్యాన్ని ఊరంతా పంచాడు.

వానలు పడేలోపే జ్వరాలు, చిగుళ్ల నుంచి నెత్తురు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టినా అవి పనిచేయలేదు. బావ పోయాడు. అక్క మాత్రం ఇన్నేళ్లూ, "మా తమ్ముని ఆకు వల్లనే ఆ కొన్నాళ్లన్నా బతికినాడు," అంటూ వచ్చింది. నేను పక్కనే ఉండి కూడా కాదనలేదు.

సంత నుంచి నేరుగా పోయి అక్కకు అంతా చెప్పాను. చేతిలోని చేట కింద పెట్టి విన్నది. తిట్టలేదు.

"ఆ పొద్దే చెప్పింటే మాత్ర మింగుతాండెనా?"

"మింగేవాడక్కా. నా మాట వినేవాడు."

"అవునప్పా, నీ మాటే వినేటోడు," అని మళ్లీ చేట అందుకుంది.

నిజం ఎప్పుడు చెప్పినా నిజమేనని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బావ అరుగు మీద కషాయం పట్టుకుని కూర్చున్న ఆ రోజు దానికి ఒక మనిషిని బతికించే శక్తి ఉండేది. ఇప్పుడు నా బరువు దించడం తప్ప దానికి వేరే పని మిగల్లేదు.