పొయ్యి వైపు రాయి

పిల్జు జీవితమంతా ఇతరుల ఇళ్ళలో నేలలు పరచడంలోనే గడిచింది. జోంగ్సన్ కొండల్లో వంటింటి పొయ్యి మంట పక్కగది నేల కిందికి దూరి, పలకరాళ్ళను వేడిచేసి, అవతలి పొగగొట్టంలోంచి పోతుంది. రాళ్ళ మీద మట్టి, మట్టి మీద నూనె కాగితం, దాని మీద మనుషులు. పొయ్యికి దగ్గరి చోటు ఇంట్లో పెద్దవాళ్ళది. కాళ్ళు పడిపోయిన అతని తల్లి ఆ చోటునే కరుచుకుని ఉంది.

ఆ శీతకాలం ఒక ఉదయం ఆమె పక్క సర్దుతూ, అలవాటుకొద్దీ వేలికణుపుతో నేలను తట్టాడు. గట్టిగా మోగవలసింది, బీటపడిన కుండలా మోగింది. కింది రాయి పాడైందని అతనికి తెలిసిపోయింది.

రాయి పైకి ఒకే ముద్ద. లోపల రకరకాల రాతిపలుకుల కూర్పు. వేడికి ఒక్కో పలుకు ఒక్కో తీరుగా ఉబ్బుతుంది, చల్లారాక మునుపటిలా కుదురుకోదు. వెంట్రుకంత సందులు పుడతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. చివరికి రూపు మిగులుతుంది, పట్టు మిగలదు. పొయ్యికి దగ్గరి చోట నేలకింద మందపాటి రాయి వెయ్యడం అందుకే. కాని అది వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. తల్లి మోకాళ్ళు అంతసేపు ఆగలేవని, ఆమె అరవయ్యో ఏట అతను పలుచటి రాయి వేశాడు. "వెచ్చగా ఉందిరా" అందామె. ఆ మాట కోసం ఏటేటా కట్టెలు ఎక్కువే పెట్టాడు.

"ఇప్పుడే తవ్వి వేరే రాయి వెయ్యలేరా?" అంది భార్య ఓక్బున్.

"ఏ మట్టితో? కొండంతా గడ్డకట్టింది. వేసినా ఆరదు. మంచు కరగాలి."

"ఊరందరికీ నేలలు వేశారు. మన ఇంటికొచ్చేసరికి మంచు కరగాలట!"

అతను తల్లి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, కాస్త అవతలికి జరుపుతాను. కింద రాయి పాడైంది. విరిగితే పొగ పైకొస్తుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది."

"మా అత్త పోయేదాకా తలుపు దగ్గర వణికాను. ఇన్నాళ్ళకి దక్కిన చోటురా ఇది. ఇంతకీ ఎవడేశాడా రాయి?"

"నేనే."

"మరి నన్నెందుకు తరుముతావు? నిన్ను నువ్వు తిట్టుకో."

మంట తగ్గిస్తే ఆమె పళ్ళు టకటకలాడేవి. పెంచితే రాయి ఎక్కడ విరుగుతుందోనని అతనికి భయం. కట్టె లోపలికి తోసేవాడు, మళ్ళీ బయటికి లాగేవాడు. పొరుగిల్లు కొండకు అవతల; దారి మంచులో మునిగిపోయింది.

ఒక పొద్దున ఓక్బున్ అత్తగారికి జొన్నజావ తాగిస్తూండగా నేల కింద గుబుక్కుమంది. కాగితం లోపలికి కుంగి చిరిగింది. సన్నటి పొగ లేచింది.

"ఏమండీ!"

ఆమె తలుపు బార్లా తీసింది. అతను తల్లిని బొంతతో సహా గది ఆ చివరికి ఈడ్చి, పరుగెత్తి పొయ్యిలోని కట్టెలన్నీ బయటికి లాగేశాడు. ఇల్లంతా చల్లబడింది.

పెరట్లో కుంపటి రాజేసి, గోడలోంచి పీకిన గుండ్రాయిని అందులో కాల్చి, గుడ్డలో చుట్టి తల్లి పాదాల దగ్గర పెట్టాడు. చల్లారితే మళ్ళీ కాల్చాడు. రోజంతా అదే పని. మర్నాడు గుడ్డ విప్పేసరికి రాయి రెండు చెక్కలై ఉంది. ఒక్కో చెక్కకు తల్లి ఒక్కో పాదం ఆనించాడు.

"చల్లారిపోయాయిరా" అంది తల్లి. "మళ్ళీ వేడి చెయ్యి."

వేడి చేస్తే ఆ చెక్కలూ ఎంతోకాలం నిలవవని అతనికి తెలుసు. రెండింటినీ చేతుల్లోకి తీసుకుని కుంపటి దగ్గరికి నడిచాడు.