తెరుచుకోని రివాల్వర్

మా పెదనాన్న కోస్తా నుంచి రాయచూరు జిల్లా బాళగనూరు వచ్చి కాలువ కింద వరి పండించిన రైతు. ఆయనకు లైసెన్సు రివాల్వర్ ఒకటి ఉంది. ఎన్నికలు వస్తే దాన్ని స్టేషన్‌లో అప్పగించాలి. ఈసారి తూటాలు తీయబోతే సిలిండర్ తెరుచుకోలేదు. పెదనాన్ననీ పెద్దమ్మనీ కారులో ఎక్కించుకుని రాయచూరులోని తుపాకుల దుకాణానికి తీసుకెళ్లాను.

దుకాణం ముసలాయన రివాల్వర్ గొట్టాన్ని ఇసుక బస్తా వైపు తిప్పి, "లోపల గోలీలు ఉన్నయా?" అని అడిగాడు.

"ఆరూ ఉన్నాయండి," అన్నాడు పెదనాన్న.

"అట్లయితే మీరంత బయటికి పోండ్రి."

మేమిద్దరం మెట్లు దిగాం. పెద్దమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పెదనాన్న కేకేసినా కదల్లేదు.

సిలిండర్ మధ్యలోని కడ్డీ మర వదులై, ముందుకు జరిగి అడ్డుపడిందట. ముసలాయన దాన్ని బిగించగానే సిలిండర్ పక్కకు వచ్చింది.

"ఏంది సాబ్, ఖాళీగ ఉంది గదా!" అని మమ్మల్ని లోపలికి పిలిచాడు.

పెదనాన్న పెద్దమ్మ వైపు చూశాడు.

"నీళ్ల తగాదాకి దీన్ని నడుముకి పెట్టుకుని కాలువగట్టుకి వెళ్లారే, ఆ పొద్దున్న మీరు బయల్దేరకముందే తూటాలు తీసేశాను. అప్పుడు బాగానే తెరుచుకుంది. బియ్యం డబ్బాలో ఉన్నాయి," అంది.

"వాళ్లు కర్రలతో మీదకొచ్చుంటేనో?"

"కర్రలతో వస్తే పరిగెత్తుకుని ఇంటికి రావచ్చు. మనిషిని కాల్చాక ఎక్కడికి పరిగెడతారు?"

తిరుగు దారిలో సింధనూరు దగ్గర పెదనాన్న తనే కారు ఆపించి, మొదటి టీ గ్లాసు పెద్దమ్మ చేతికి ఇచ్చాడు.