బరకం అంచు

అన్నం తింటున్నా సరే, ఆకాశం నల్లబడితే మా పెదనాన్న లేచి పరుగెత్తేవాడు. ప్రత్తిపాడులో మా కల్లంలో ఎండే మిరపకాయల మీద బరకం కప్పి, గాలికి ఎగరకుండా దాని అంచు మీద తనే కూర్చునేవాడు. వాన వెలిశాక ఓ మూల ఎత్తి, "తడవలేదుగా?" అని అడిగేవాడు. మరొకరికి వదిలే మనిషి కాదు.

ఓ వేసవిలో ఆయన స్నేహితుడి తెరచాప పడవలో, నాలుగు రోజులు చేపలు పట్టుకుందామని రెండిళ్ల వాళ్లం నిజాంపట్నం నుంచి సముద్రంలోకి వెళ్లాం. మూడో రోజు మధ్యాహ్నం గాలివాన ముంచుకొచ్చింది. స్నేహితుడు తెరచాప దించేశాడు. పెదనాన్న దాన్ని లాగి పిల్లలందరి మీదా కప్పి, అలవాటుగా దాని అంచు నొక్కిపెట్టి పడవలో ఓ పక్కన కూర్చున్నాడు. పడవ అటు ఒరిగింది. నీళ్లు లోపలికొచ్చాయి.

"మధ్యకి రా అన్నా. అందర్నీ ముంచుతావా?" అని స్నేహితుడు అరిచాడు.

"వదిలితే ఎగిరిపోద్దిరా" అంటూనే మోకాళ్ల మీద పాకి వచ్చాడు. అంచు మాత్రం వదల్లేదు. ఆ గుడ్డ కింద చీకట్లో మాకు ఆయన పిడికిళ్లే కనిపించాయి.

గాలి తగ్గాక మూల ఎత్తి, మా తలలు తడుముతూ, "తడవలేదుగా?" అన్నాడు.

జుట్టులోంచి నీళ్లు కారుతుండగానే, "లేదు పెదనాన్నా" అన్నాం అందరం.